జీవో ప్రకారం జారుడు

ఆ రాష్ట్రంలో మంచు పడదు. చేపల మార్కెట్లో పెట్టెల అడుగునా, చెరుకురసం బళ్ళ మీదా తప్ప మంచుగడ్డ అన్నది ఎవరికీ కనిపించదు. అయినా శీతల క్రీడల శాఖ ఉంది. ఒకప్పటి మంత్రిగారు ఎక్కడో చలిదేశం వెళ్ళి, జనం కాళ్ళకి స్కీలనే పొడుగాటి పలకలు బిగించుకుని కొండమీంచి జర్రున జారిపోవడం చూసి, "మనవాళ్ళకేం తక్కువ?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబుగా శాఖ పుట్టింది. తర్వాత మంత్రిగారు మారారు, ప్రభుత్వం మారింది, శాఖ మాత్రం ఉండిపోయింది. పుట్టిన శాఖ పోవడం మనం ఎక్కడైనా చూశామా?

ఆ శాఖలో డిప్యూటీ డైరెక్టరు తాడి గవర్రాజు. రాజోలు దగ్గర పల్లెటూరివాడు. మనిషి ఐదడుగుల ఒక్క అంగుళం. గుండ్రటి మొహం, మెత్తటి మాట. సర్వీసు మొత్తంలో పైవాళ్ళ మాటకి ఎదురు చెప్పి ఎరగడు. చెప్పాలనిపించినప్పుడల్లా మంచినీళ్ళు తాగేవాడు. రిటైరయ్యేలోగా జాయింట్ డైరెక్టరు కావాలన్న కోరిక ఒక్కటే అతనికి మిగిలింది.

ఏటా శీతాకాలంలో హిమాలయాల్లోని బర్ఫ్‌ధార్ అనే ఊళ్ళో అఖిలభారత ప్రభుత్వోద్యోగుల మంచు క్రీడలు జరుగుతాయి. మన జట్టు ఏటా వెళుతుంది, ఏటా ఆఖరున వస్తుంది. అందుకు ఎవరూ బాధపడిన దాఖలా లేదు. ఆ ఏడు గొడవంతా ఓడిపోయినందుకు కాదు, ఫోటో వల్ల వచ్చింది.

జట్టంతా స్కీలు పక్కన నిటారుగా నిలబెట్టుకుని ఫోటో దిగింది. మధ్యలో కమిషనర్ విభూషణరావు గారు. ఆయన స్కీలు ఆయన కనుబొమల దాకా వచ్చాయి. వెనక వరసలో జూనియర్ అసిస్టెంటు పాపినాయుడు. అతనిది శ్రీకాకుళం వైపు, మనిషి ఆరడుగుల మూడంగుళాలు. అతని స్కీలు అతని తలతో సమానంగా లేచి, సరిగ్గా కమిషనర్ గారి తల వెనక జెండా కర్రల్లా నిలబడ్డాయి. శాఖ పత్రిక ముఖచిత్రంగా అదే ఫోటో వేశారు.

కమిషనర్ గారు ఫోటోని చాలాసేపు చూశారు.

"ఈ పొడుగాటివి ఎవరివి?"

"జూనియర్ అసిస్టెంటు పాపినాయుడివండి," అన్నాడు గవర్రాజు.

"నావాటికన్నా మూరెడు పొడుగున్నాయే!"

పాపినాయుడే మీకన్నా పొడుగండీ అని గవర్రాజు అనబోయి మంచినీళ్ళు తాగాడు.

"పొడుగులో నాకు స్వార్థం లేదు గవర్రాజుగారూ. కానీ సంస్థాగత సోపానక్రమం అనేది ఒకటుంటుంది. మంచు మీదికి వెళ్ళినంత మాత్రాన అది కరిగిపోకూడదు."

మర్నాడే స్కీ పొడవు నిర్ణయ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు విశ్రాంత అధికారి దీక్షితులు గారు. ఆయన పదవిలో ఉండగా ఏ ఫైలునీ తిరస్కరించలేదు, ఆమోదించనూ లేదు. అంచేత రిటైరయ్యాక కూడా ఆయనకి గిరాకీ తగ్గలేదు. సభ్య కార్యదర్శి గవర్రాజు. నిపుణురాలిగా దేవకీ నేగి అనే అమ్మాయిని పిలిపించారు. ఆమెది హిమాచల్. జాతీయ స్థాయిలో స్కీయింగు పోటీలు గెలిచింది. వరంగల్లో ఇంజినీరింగు చదువుకుంది కనక తెలుగు బాగా వచ్చు. మొహమాటం అసలు రాదు.

"స్కీ పొడుగు ఎట్ల చూస్తరంటే," అంది దేవకి, తెచ్చిన స్కీని నేల మీద నిలబెట్టి, "మనిషి పక్కన గిట్ల నిలవెట్టాలె." తన గడ్డం మీదా, నుదుటి మీదా వేలు పెట్టి చూపించింది. "తొక్కి చదును జేసిన మంచు, గట్టి మంచు, అన్ని తీర్ల వాలు మీద తిరగాలంటే గదుమకి, నొసలుకి నడుమ ఉండాలె. కొత్తగ నేర్సుకునేటోళ్ళకు గదుమ కాడికి సాలు. పొట్టిగుంటె అలకగ తిరుగుతది. అదే అప్పుడే పడ్డ పొడిమంచు అనుకోండి, అది జల్లించిన పిండి లెక్క ఉంటది. అండ్ల తేలాలంటే తలకాయంత పొడుగు, ఇంకింత ఎక్కువున్నా మంచిదే. వెడల్పు గూడ ఉండాలె. బరువున్నోళ్ళకు ఇంకింత పొడుగు. గంతే సార్."

"క్లుప్తంగా చెప్పమ్మా," అన్నారు దీక్షితులు గారు. ఆయన అప్పటికే అలసిపోయారు. "ప్రాతిపదికలు ఏమిటి?"

"ఎత్తు, బరువు, అనుభవం. మంచు ఎట్లాంటిదో సూసుకోవాలె."

"మంచు మన పరిధిలోకి రాదు. అది కేంద్రం చూసుకుంటుంది. మిగతా మూడూ రాసుకోండి గవర్రాజుగారూ." దీక్షితులు గారు కళ్ళు మూసుకుని, తెరిచి, చిరునవ్వు నవ్వారు. "ఎత్తు. ప్రభుత్వంలో ఎత్తు అంటే ఏమిటి? పదవి ఎత్తు. బరువు అంటే? బాధ్యతల బరువు. అనుభవం అంటే సర్వీసు. అమ్మాయి శాస్త్రం ప్రకారమే వెళదాం. శాస్త్రాన్ని మనం కాదనకూడదు."

దేవకి ఆయన వైపు, తర్వాత గవర్రాజు వైపు చూసింది. "సార్, నేను జెప్పింది మనిషి ఎత్తు. టేపు పెట్టి కొలుస్తం సూడు, గది."

"టేపులు దర్జీల దగ్గర ఉంటాయమ్మా," అన్నారు దీక్షితులు గారు. "మన దగ్గర సీనియారిటీ జాబితా ఉంది."

గవర్రాజుకి అంతా తెలుసు. ఆ అమ్మాయి చెప్పింది నిజమనీ తెలుసు, ఈ పట్టిక తప్పనీ తెలుసు. పదోన్నతుల ఫైలు ఆ వారమే కమిషనర్ గారి బల్ల మీదికి వెళుతుందని కూడా తెలుసు. ఆ మూడో సంగతి మొదటి రెండింటి మీదా కూర్చుంది. తన చేత్తోనే పట్టిక రాశాడు. కమిషనర్‌కి రెండువందల అయిదు సెంటీమీటర్లు. అక్కడినుంచి మెట్టుమెట్టుగా దిగుతూ జాయింట్ డైరెక్టరుకి నూట ఎనభై అయిదు, డిప్యూటీ డైరెక్టరుకి నూట డెబ్భై, జూనియర్ అసిస్టెంటుకి నూట ముప్పై. ఒప్పంద ఉద్యోగులకి స్కీలు లేవు, చేతికర్రలు మాత్రమే.

"ప్రభుత్వం కూలంకషంగా పరిశీలించిన మీదట, హోదాకు తగిన పొడవును ఇందుమూలంగా నిర్ధారించడమైనది" అంటూ జీవో వచ్చింది. జీవో వచ్చాక ఇక సందేహాలు మొదలయ్యాయి. అదనపు బాధ్యతలు చూస్తున్న అధికారి రెండు పదవుల స్కీలూ కలిపి తొడుక్కోవాలా? అక్కర్లేదు, ఉన్న స్కీల చివర పావువంతు చెక్క అతికించుకుంటే చాలునని వివరణ వెళ్ళింది. గెజిటెడ్ అధికారుల సంఘం ఏటా ఒక సెంటీమీటరు ఇంక్రిమెంటు అడిగి సాధించింది. ఒక జిల్లానుంచి, సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి మాటేమిటని అడిగారు. సస్పెన్షన్‌లో సగం జీతం వస్తుంది కనక, తీర్పు వచ్చేదాకా అతను ఒకే స్కీ వాడుకోవాలని దీక్షితులు గారు తేల్చారు. ఆ ఉద్యోగి ఏ కాలికి తొడుక్కోవాలో ఐచ్ఛికంగా ఎంచుకోవచ్చునన్నది ప్రభుత్వం చూపిన ఉదారత.

కొత్త స్కీలు రావడం, గవర్రాజుకి జాయింట్ డైరెక్టరు పదవి రావడం ఒకే వారంలో జరిగాయి. నూట ఎనభై అయిదు సెంటీమీటర్ల జత ఇంటికి పంపారు. లిఫ్టులో పట్టక మెట్లమీంచి మోసుకొచ్చారు. అతని భార్య మంగతాయారు తలుపు తీసి, ముందు స్కీలని, తర్వాత వాటి వెనక ఎక్కడో ఉన్న మొగుణ్ణి చూసింది.

"ఇదేంటండీ, పడవేసుకొచ్చారు?"

"ప్రమోషనొచ్చింది."

ఆవిడ మొహం వెలిగింది. స్వీటు తేవడానికి లోపలికి వెళ్ళబోయి ఆగింది. స్కీని గోడకి ఆనించి, మొగుణ్ణి పక్కన నిలబెట్టి, అరచెయ్యి అతని తలమీద పెట్టి గోడదాకా జరిపి చూసింది. స్కీ ఆ చేతికి పైన ఇంకా బోలెడుంది.

"ఏవండీ, ఇది కాళ్ళకి కట్టుకుని కొండమీంచి దిగుతారా మీరు? మొన్న బాత్రూములో జారితేనే పదిరోజులు మంచమెక్కారు."

"హోదాని బట్టి ఇస్తారు మంగా. జీవో ఉంది."

"ఆ జీవో రాసిన మహానుభావుడెవడో గానీ, వాడి కాళ్ళు విరిగిపోనూ!"

గవర్రాజు మంచినీళ్ళు అడిగాడు.

బర్ఫ్‌ధార్‌లో మొదటిరోజు ఎండ కాసింది. వాలంతా యంత్రంతో తొక్కించి చదును చేశారు. ప్రారంభోత్సవంలో కమిషనర్ గారు తన రెండువందల అయిదు తొడుక్కుని, మూడడుగుల మేర లాంఛనంగా జారాలి. మూడడుగులూ జారారు. నాలుగో అడుగు దగ్గర ఆగుదామని చూశారు. అంత పొడుగువి ఆగవు, తిరగవు. ఆయన చెయ్యి ఊపుతూనే, ముఖంమీది చిరునవ్వు చెదరకుండానే, వాలంతా నేరుగా దిగి, పొరుగు రాష్ట్రం వారి వంట టెంటులోకి వెళ్ళిపోయారు. లోపల పెద్ద చప్పుడైంది. ఉప్మాలోంచి ఆయన్ని తీశారు. అంతర్రాష్ట్ర సౌహార్ద పర్యటన అని సాయంత్రం పత్రికా ప్రకటన వెలువడింది.

తెల్లారేసరికి లోకం మారిపోయింది. రాత్రంతా మంచు కురిసి, వాలంతా నడుమెత్తు పొడి పేరుకుంది. ఆరోజు జంట పందెం. ఒక అధికారి, అతని కింద ఉద్యోగి ఒకరూ కలిసి దిగాలి. ఇద్దరూ గమ్యం చేరితేనే లెక్క. మన జంట గవర్రాజు, పాపినాయుడు.

పందానికి ముందు సాధనకి పాపినాయుడు వాలు మీదికి వెళ్ళాడు. జట్టులో నిజంగా స్కీయింగు వచ్చినవాడు అతనొక్కడే. మనిషి దిట్టం, ధైర్యస్థుడు. కానీ అంతటి మనిషి కాళ్ళకింద ఆ నూట ముప్పై సెంటీమీటర్ల స్కీలు రెండు పీటచెక్కల్లా ఉన్నాయి. నాలుగు బారలు దిగాడో లేదో, స్కీల ముక్కులు పొడిలో దూరాయి. మనిషి తలకిందులుగా ఎగిరి మంచులో దిగబడ్డాడు. పైకి కాళ్ళు మాత్రం కనిపించాయి. కాసేపు కొట్టుకున్నాయి, తర్వాత కొట్టుకోవడం మానేశాయి.

గవర్రాజు తన పొడుగాటి స్కీలు విప్పిపారేసి పరుగెత్తబోయి, నడుందాకా కూరుకుపోయాడు. ఈదుకుంటున్నట్టు చేతులతో మంచు తోసుకుంటూ వెళ్ళాడు. జట్టుకి శిక్షకురాలిగా వచ్చిన దేవకి అప్పటికే చేరి చేతులతో తవ్వుతోంది. ఇద్దరూ కలిసి అతని తల బయటికి లాగారు. పాపినాయుడి మొహం నీలంగా తిరిగింది. నోట్లోంచి, ముక్కులోంచి మంచు తీశాక పెద్దగా ఊపిరి పీల్చి దగ్గాడు.

"నానింక సచ్చిపోనాననుకున్నాను సార్," అన్నాడు. "పిల్లలు కళ్ళల్లో మెదిలినారు."

గవర్రాజు అతని కాళ్ళ దగ్గర మంచులో కూలబడ్డాడు. నూట ముప్పై. ఆ అంకె తన చేత్తో రాసింది. అప్పుడు కలం ఒక్క క్షణం ఆగడం, మళ్ళీ కదలడం అతనికి గుర్తొచ్చాయి. జీవోలు రాసేటప్పుడు కాళ్ళు కనిపించవు, కాడర్లే కనిపిస్తాయి. ఇప్పుడు రెండు కాళ్ళు కళ్ళెదురుగా ఉన్నాయి.

"నాయుడూ, నీ స్కీలు విప్పు," అన్నాడు.

"పందెం మానేద్దామా సార్?"

"మానక్కర్లేదు. నావి నువ్వు తొడుక్కో. నీవి నాకియ్యి."

పాపినాయుడు దగ్గు ఆపేశాడు. "ఏటి సార్ అలాగంతారు? అవి జాయింట్ డైరెక్టరువి. నాను జూనియర్ అసిస్టెంట్ని. రేపు నాకు మెమో ఇస్తే నానేటి సెప్పాల?"

"నేను చెప్పానని చెప్పు."

గొంతు తనదేనా అని గవర్రాజుకే ఆశ్చర్యం వేసింది. పక్కన నీళ్ళ సీసా ఉంది, తాగాలనిపించలేదు.

దేవకి అప్పటికే స్క్రూడ్రైవరు తీసింది. స్కీల మీద బూట్లు పట్టే బిగింపుల్ని జరిపి, ఇద్దరి బూట్లకీ సరిచేసింది. పొడుగువాటి పక్కన పాపినాయుణ్ణి నిలబెడితే నొసలు దాటాయి. పొట్టివాటి పక్కన గవర్రాజుని నిలబెడితే సరిగ్గా గడ్డం కిందికి వచ్చాయి.

"గిదే నేను గా దినం మీటింగుల జెప్పింది," అంది దేవకి. "పోండి. ఇగ నాయుడు ముందుగాల తోవ తీస్తడు. మీరు ఆ తోవల్నే మెల్లగ రాండి సార్. మోకాళ్ళు వంచుండ్రి. ఎనకకు ఒరగకుండ్రి."

పైనుంచి ఈల మోగింది. మొహాలకి ముసుగులు, కళ్ళకి పెద్ద కళ్ళద్దాలు పెట్టుకుని ఇద్దరూ కదిలారు. పాపినాయుడు పొడిమంచు మీద తేలిపోయాడు. అంత బరువూ ఎక్కడికి పోయిందో తెలియదు. చెరువు మీద నాటుపడవ వెళ్ళినట్టు మెత్తగా, చప్పుడు లేకుండా మలుపులు తిరుగుతూ దిగాడు. అతను తొక్కిన దారిలో వెనకే గవర్రాజు. మొదటి మలుపు దగ్గర కళ్ళు మూసుకున్నాడు. కాళ్ళకింద పొట్టివి అతను అనుకున్న వైపుకే తిరిగాయి. కళ్ళు తెరిచాడు. రెండో మలుపూ తిరిగింది. మూడో మలుపు దగ్గర నోట్లోంచి "ఓహోయ్" అని కేక ఒకటి వచ్చింది. చిన్నప్పుడు గోదావరి కాలవలో తాడి దుంగ పట్టుకుని కొట్టుకుపోతూ వేసిన కేక అది. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా అతని గొంతు అలా పలకలేదు.

పైనుంచి బయలుదేరిన జంటల్లో సగం దారిలోనే దిగబడ్డాయి. మనవాళ్ళు మూడోవారుగా చేరారు. శాఖ పుట్టాక అదే మొదటి పతకం. కంచుది. గవర్రాజు కింద మంచులో వెల్లకిలా పడుకుని, ఆకాశం వైపు చూస్తూ నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో పాపినాయుడికి తెలియలేదు గానీ అతనూ నవ్వాడు.

రాజధానికి తిరిగొచ్చేసరికి రెండు మెమోలు సిద్ధంగా ఉన్నాయి. హోదాకు మించిన పొడవును అక్రమంగా ధరించినందుకు పాపినాయుడికి ఒకటి. హోదాకు తక్కువైన పొడవును ధరించి, పదవి గౌరవాన్ని యాభై అయిదు సెంటీమీటర్ల మేర దిగజార్చినందుకు గవర్రాజుకి ఒకటి. అవి అందిన పూటే ముఖ్యమంత్రి గారి అభినందన కూడా అందింది. పతకం తెచ్చిన కొత్త స్కీ విధానం దేశానికే ఆదర్శమని అందులో ఉంది.

కమిషనర్ గారికి చెమట పట్టింది. శిక్షిస్తే, పతకం జీవోకి విరుద్ధంగా వచ్చిందని ఒప్పుకున్నట్టు. శిక్షించకపోతే జీవోకి విలువ లేదు. దీక్షితులు గారిని పిలిపించారు. గవర్రాజుని కూడా.

"తప్పు పట్టికలో ఉందండి," అన్నాడు గవర్రాజు. "అది నేనే రాశాను. మార్చేద్దాం. దానివల్ల ఒక మనిషి పోయేవాడు."

గదిలో అందరూ అతనికేసి జాలిగా చూశారు.

"మీరు అలసిపోయారు," అన్నారు దీక్షితులు గారు. "జీవో తప్పవడానికి వీల్లేదు గవర్రాజుగారూ. ఎత్తుకు తగ్గ స్కీ అన్నాం, ఇచ్చాం. సరిపోలేదంటే తప్పు ఎత్తులో ఉండాలి." గమ్యం దగ్గర తీసిన ఫోటో ఆయన బల్ల మీద పెట్టారు. అందులో ముసుగులు, కళ్ళద్దాల వెనక ఎవరి మొహమూ తెలియడం లేదు. "చూడండి. ఒక పొడుగు మనిషి కాళ్ళకి జాయింట్ డైరెక్టరు స్కీలు. ఒక పొట్టి మనిషి కాళ్ళకి జూనియర్ అసిస్టెంటు స్కీలు. అంతా జీవో ప్రకారమే ఉంది. ఉల్లంఘన ఎక్కడ? ఆ పొడుగు మనిషి మీరే."

"నేనా అండీ?"

"మీకు తెలియకపోవచ్చు. వైద్య మండలి తేలుస్తుంది."

వైద్య మండలి గవర్రాజుని కూర్చోబెట్టి, పే స్లిప్పు తీసుకుని పరీక్ష చేసింది. పట్టికలో ఉన్న స్కీలతో సమానంగా అతని ఎత్తు ఆరడుగుల ఒక అంగుళమని ధ్రువీకరించింది. పాపినాయుడు నాలుగడుగుల మూడంగుళాలని ఇంకో ధ్రువపత్రం ఇచ్చింది. మెమోలు వెనక్కి తీసుకున్నారు. పతకాలు రెండూ కమిషనర్ గారి గదిలో అద్దాల బీరువాలోకి వెళ్ళాయి. గవర్రాజు మాత్రం ఆ సాయంత్రమే ఒక అర్జీ పెట్టాడు. తక్కిన అన్ని విషయాల్లో జాయింట్ డైరెక్టరుగా ఉంటాననీ, స్కీల విషయంలో మాత్రం తనని జూనియర్ అసిస్టెంటుగా పరిగణించాలనీ. దాంతోపాటే, పాపినాయుణ్ణి స్కీల విషయంలో జాయింట్ డైరెక్టరుగా పరిగణించాలనీ కోరాడు. అందులో ఒక్క మాటా మెత్తగా లేదు. అది ఇంకా పరిశీలనలో ఉంది.

ఆ ఆదివారం పాపినాయుడు, పలాస జీడిపప్పు పొట్లం పట్టుకుని, చూసిపోదామని ఇంటికొచ్చాడు. మంగతాయారు భోజనానికి ఉండిపొమ్మంది. వంటింట్లోంచి ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ధ్రువపత్రం పట్టుకుని బయటికొచ్చింది.

"ఏవండీ, ఇన్నాళ్ళూ చెప్పనే లేదేం ఇంత పొడుగని? రండి, ఆ అటక మీది మాగాయ జాడీ కాస్త దింపండి."

గవర్రాజు అటక కిందికెళ్ళి పైకి చూశాడు. మునివేళ్ళ మీద లేచాడు. గోడకి ఆనుకుని ఒకసారి గెంతాడు కూడా.

"నాను దించుతానమ్మగారూ," అని పాపినాయుడు లేచాడు.

"కూర్చో నాయుడూ. నాలుగడుగులవాడివి నీకేం అందుతుంది? ప్రభుత్వమే చెప్పిందిగా!"

పాపినాయుడు మొహమాటంగా నవ్వి, మడమలైనా ఎత్తకుండా, చెయ్యి చాపి జాడీ దించి బల్ల మీద పెట్టాడు.

"మూత తియ్యి నాయుడూ," అన్నాడు గవర్రాజు కంచం ముందు కూర్చుంటూ. "ఎవరైనా అడిగితే నేనే దించానని చెబుదాం."